పాత కారును కాపాడు రెండు నూనెలు

పాత కారు గల యిండ్లలో దాని పైమెఱుగును గూర్చి ముచ్చటింతురు. పెట్రోలు ఖర్చును గూర్చి వాదింతురు. దాని బ్రేకు నూనెను గూర్చి తలచువారు మాత్రము మిక్కిలి తక్కువ. కారు కదలుటకు కావలసిన వస్తువు ప్రతిదినమును జ్ఞాపకమునకు వచ్చును. అది ఆగుటకు కావలసిన వస్తువు ఆగవలసిన క్షణమునందే జ్ఞాపకమునకు వచ్చును. అంతవఱకు జాగుచేయుట ఎంత అపాయకరమో మేము ప్రత్యక్షముగా చూచితిమి గావున ఈ నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. తండ్రిగారి యొద్ద భారత భాగవతములను, కొన్ని కావ్యములను చదువుకొని, విజయనగరమున ఒక బడిపంతులుగారి యింట కాపురము చేయుచున్నవారము. అయినను దేవాసుర సంగ్రామమున దశరథుని రథచక్రపు శీల ఊడినపుడు కైక తన వ్రేలిని అడ్డుపెట్టి కాపాడిన కథ మన యిండ్లలో ఎఱుగనివారు లేరు. చక్రమును గూర్చి తెలిసికొనుట స్త్రీకి తగనిపని యని ఆ కథ చెప్పిన పెద్దలెవ్వరును తలచియుండరు.

మా యింటనున్నది అంబాసిడరు కారు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాపై హిందూస్థాన్ మోటార్సువారు కలకత్తాకు సమీపమునగల ఉత్తరపారాలో దీనిని నిర్మించెడివారు. 1950 దశాబ్ది చివర మొదలైన ఆ నిర్మాణము 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. మా మామగారు 1978లో ఈ కారును కొనిరి. వారు గతించిన పిమ్మట ఏడేండ్లు అది శ్రీకాకుళమున బంధువుల యింట పాక క్రింద నిలిచియుండి, క్రిందటి సంవత్సరమే మరల మా యింటికి చేరినది. చేరినవెంటనే ఒక షెడ్డువారికి అప్పగించి, బ్రేకులు సమస్తము చూడవలసినదని కోరితిమి. వారు రెండు దినములు ఉంచుకొని, పైకము తీసికొని, బ్రేకులు కొత్తవానివలె నున్నవని చెప్పి పంపిరి.

కార్తికమాసమున అత్తగారితోను, పిల్లలిద్దఱితోను అరకులోయ చూచి తిరిగి వచ్చుచుంటిమి. అనంతగిరి ఘాటులో కాఫీతోటల నడుమ మలుపు వెంట మలుపు దిగుచుండగా, మావారి పాదము క్రింద పెడలు కొంచెము కొంచెముగా మెత్తబడజొచ్చెను. మొదట సగము దిగినచోట కారు నిదానించినది. పిమ్మట ముప్పాతిక దిగవలసి వచ్చినది. తుదకు పెడలు నేలనంటినను వేగము తగ్గలేదు. ఎదుట ఒక బస్సు ఎక్కి వచ్చుచుండెను. మావారు ఏమియు మాటాడక, గేరును రెండవదానికి దించి, చేతిబ్రేకును కొద్దికొద్దిగా లాగుచు, లోయవైపునకు గాక కొండవైపు కాలువ అంచునకు కారును జేర్చి నిలిపిరి. అత్తగారు ‘నారాయణా’ యని మాత్రము అనిరి. చేతిబ్రేకు నూనెతో గాక తీగెతో వెనుక చక్రములను పట్టునది యగుటచే ఆనాడు మాకు మిగిలినది అదియే.

అరగంట గడచిన పిమ్మట త్రొక్కిచూడగా పెడలు ఏమియు జరుగనట్లు గట్టిగా నిలిచెను. ఆ గట్టితనమే మాకు ఎక్కువ భయము కలిగించినది. విరిగిన వస్తువైనచో విరిగినదని తెలియును. పోయి తిరిగి వచ్చినదానిని నమ్ముట యెట్లు? మొదటి గేరులో ఎడ్లబండి నడకతో శృంగవరపుకోట చేరితిమి.

ఇల్లు చేరినది మొదలు చర్చ ప్రారంభమైనది. కారును పాత యినుము కొనువానికి ఇచ్చివేయుటయే మేలని మఱిదిగారు చెప్పిరి. తండ్రిగారి జ్ఞాపకమును తూకమునకు వేయుట మావారికి ఇష్టములేదు. అత్తగారు రెండు దినములు ఊరకుండి మూడవనాడు, “మీ మామగారి కారు అని ఉంచమని నేనడగను. అందులో పిల్లలు ఎక్కవచ్చునో, కూడదో తేల్చి చెప్పండి, చాలు” అనిరి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన భారము మాపై బడినది.

బజారు చివర షెడ్డులో పనిచేయు వృద్ధుడగు మేస్త్రిని ఇంటికి పిలిపించితిమి. ఆయన మొదట చేసినపని కారు క్రింద దూరుట కాదు. బ్రేకు నూనె డబ్బా మూత తీసి, పిచికారితో కొంత నూనెను లాగి, గాజుగ్లాసులో పోసి వెలుతురునకు ఎత్తెను. “అమ్మగారూ, కొత్త ఆయిలు నువ్వులనూనెలాగా తేటగా ఉంటాది. ఇది చూడండి, కషాయం. పైన కొత్తది పోశారు గాని లోపల పాతది అలాగే ఉందమ్మా” అనెను. మాస్టరు సిలిండరును విప్పగా దాని లోపలిగోడపై తుప్పుమచ్చలు కనబడెను. ముందటి షెడ్డువారి రసీదు తీసి చూచితిమి. అందు ‘బ్రేకు ఆయిలు’ అని వ్రాసియుండెను. అది అసత్యము కాదు. పోయుట వేఱు, మార్చుట వేఱు అను సంగతి మాత్రము ఆ రసీదు చెప్పలేదు.

ఇక నూనెకును బ్రేకునకును గల సంబంధమును చెప్పుదుము. మూసియున్న ద్రవమును ఒకచోట ఒత్తినచో, ఆ ఒత్తిడి తగ్గక అన్నివైపులకును వ్యాపించునని పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు (1623–1662) నిరూపించెను. మన పాదము పెడలును త్రొక్కగా మాస్టరు సిలిండరులోని ముషలకము నూనెను నెట్టును. ఆ ఒత్తిడి ఇనుపగొట్టముల ద్వారమునను, చక్రముల దగ్గఱ రబ్బరు గొట్టముల ద్వారమునను పోయి, ఒక్కొక్క చక్రమునందలి చిన్న సిలిండరును చేరును. అచటి ముషలకములు బ్రేకు షూలను డ్రమ్ము గోడకు అదిమిపట్టును. చక్రపు ముషలకము వైశాల్యము మాస్టరుదానికి రెండింతలైనచో బలము రెండింతలగును, కదలిక సగమగును. మాల్కమ్ లాక్‌హీడ్ అను అమెరికా దేశస్థుడు ఇట్టి బ్రేకులకు 1917లో పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గు కారు నాలుగు చక్రములకును వీనితో వెలువడినది.

ఈ యేర్పాటంతయు ఒక్క గుణముపై ఆధారపడియున్నది: ద్రవము ఒత్తినను కుంచించుకొనదు. వాయువు కుంచించుకొనును. గొట్టములలో గాలిగాని ఆవిరిగాని చేరెనా, మన పాదబలము చక్రమును చేరక ఆ బుడగలను నొక్కుటకే వ్యయమగును. అనంతగిరిలో మాకు జరిగినది అదియే.

ఆవిరి ఎచటినుండి వచ్చినది? ఆదిలో బ్రేకు నూనెను ఆముదమును ఆల్కహాలుతో కలిపి చేసెడివారట! మన యింటి ఆముదము మోటారు బ్రేకులలోనికి పోయినదని విని పిల్లలు ఎంతయో నవ్విరి. ఇప్పుడు సాధారణముగా దొరకునది గ్లైకాలు జాతి రసాయనము. దీనికి వానకాలపు ఉప్పు స్వభావము గలదు. గాలిలోని తేమను పీల్చుకొనును. డబ్బా మూతనుండియు, రబ్బరు గొట్టముల గోడలనుండియు సయితము తేమ మెల్లమెల్లగా లోనికి చేరును. సముద్రము దగ్గఱగల మా ప్రాంతమున గాలియే తడి. కారు తిరిగినను, పాకలో నిలిచియున్నను ఈ పీల్చుట ఆగదు. ఏడేండ్లు కదలని కారు చెడలేదని తలంచుట ఈ కారణముచేతనే పొరపాటు.

డబ్బాపై ‘డాట్’ అను అక్షరములను, ఒక సంఖ్యయు ఉండును. అవి అమెరికా రవాణాశాఖవారి ప్రమాణమును తెలుపును. డాట్ 3 నూనె కొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు మరుగకూడదు. నూటికి సుమారు 3.7 పాళ్లు నీరు చేరినపుడు ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. డాట్ 4 విషయమున ఆ సంఖ్యలు 230, 155. చారెడు నీరు ఎంత చేటు చేయునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఘాటు వేడి ఎంతయో మావారు బడిపుస్తకము వెనుక లెక్కవేసి చూపిరి. మనుష్యులతోను సామానుతోను కారు బరువు 1400 కిలోలు, దిగిన ఎత్తు 800 మీటర్లు అనుకొనినచో, ఆ దిగుటలో విడుదలయగు శక్తి ముప్పదియైదు లీటర్ల నీటిని పొయ్యి లేకుండ కాగబెట్టి మరుగువఱకు తెచ్చుటకు చాలును. అందు కొంత గాలి హరించును. తగిన గేరులో దిగినచో కొంత ఇంజను హరించును. తక్కినదంతయు నాలుగు డ్రమ్ములు భరింపవలసినదే. ఆ వేడి చక్రపు సిలిండరును తాకగా పాత నూనెలోని నీరు ఆవిరియైనది. చల్లారగానే ఆవిరి మరల నీరైనది, పెడలు గట్టిపడినది. ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత డ్రైవరులు చెప్పుమాటకు అర్థము ఇదియే.

మేస్త్రి మాస్టరు సిలిండరును, నాలుగు చక్రపు సిలిండర్లను విప్పి, తుప్పు తిన్నవానిని మార్చి, రబ్బరు కప్పులను, గొట్టములను క్రొత్తవి వేసెను. లోపలి భాగములను స్పిరిటుతోను, కొత్త బ్రేకు నూనెతోను మాత్రమే కడిగెను. పెట్రోలుగాని కిరసనాయిలుగాని తాకినచో ఆ రబ్బరు ఉబ్బి చెడునట. తరువాత ఎయిరు తీయుపనికి రెండవ మనిషి కావలసివచ్చినది. మావారు బడికి పోయియుండిరి. మేము చీరచెంగు నడుమునకు దోపుకొని డ్రైవరు సీటులో కూర్చుంటిమి.

మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరముననున్న చక్రముతో ఆరంభించిరి. చక్రము వెనుకనున్న చిన్న మరకు గాజువలె కనబడు గొట్టము తగిలించి, దాని రెండవ కొనను నూనె పోసిన సీసాలో ముంచి యుంచిరి. మేస్త్రి ‘తొక్కండమ్మా’ యనగా మెల్లగా త్రొక్కి పట్టుదుము. ఆయన మరను వదలుచేయగా పెడలు దిగి, బుడగలతో మురికినూనె సీసాలోనికి వచ్చును. ఆయన మరను బిగించి ‘వదలండి’ అనిన పిమ్మటనే పాదము ఎత్తవలెను. ముందెత్తినచో గాలి మరల లోనికి పోవును. పై డబ్బాలో నూనె అడుగంటకుండ మా పెద్దపిల్ల కనిపెట్టి చూచుచుండెను. ప్రతి చక్రమువద్దను బుడగలు ఆగి తేటనూనె వచ్చువఱకు ఇట్లు చేయగా రెండు గంటలు పట్టెను. సీసాలోని నూనె మరల వాడదగినది కాదు.

పెడలు చెప్పు భాషను మేస్త్రి మాకు నేర్పెను. త్రొక్కగా దూదివలె మెత్తగా నున్నచో గాలి గలదు. ఒకే బలముతో త్రొక్కిపట్టినపుడు మెల్లగా దిగిపోవుచు, బయట ఎచటను కారుట కనబడకున్నచో మాస్టరు సిలిండరులోని కప్పు అరిగినది. బ్రేకు వేయగా కారు ఒక ప్రక్కకు లాగినచో ఆ చక్రములలో ఒకదాని సిలిండరు పట్టుకొనినది, లేదా షూపై నూనె కారినది. టైరు లోపలివైపు తడి కనబడినచో కారును కదపరాదు. మా కారులో నాలుగు చక్రములకును నూనెదారి ఒక్కటే. ఒకచోట తెగినచో నాలుగును పోవును.

మా కారునకు నూనెబలముతో తిరుగు స్టీరింగు లేదు. హైదరాబాదుననున్న మా అన్నగారి పాత విదేశపు కారునకు అది గలదు. మా మాటలు విని వదినెగారు ఆ సంగతి ఎత్తిరి. కారు మలుపునపుడెల్ల మూలుగుచున్నదట. ఇట్టి స్టీరింగు సాధారణముగా అమ్మబడు కార్లలో మొదట 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియలునందు వచ్చినది. ఇంజను బెల్టుతో తిరుగు పంపు నూనెను ఒత్తిడితో పంపును. మనము చక్రమును త్రిప్పగానే ఒక కవాటము ఆ నూనెను కావలసినవైపునకు మళ్లించి మన చేతికి సాయము చేయును. ఇంజను ఆగినను స్టీరింగు తెగిపోదు, మిక్కిలి బరువెక్కును. ఆ సంగతి తెలియనివారు భయపడి చేతులు వదలుదురు. తెలిసినవారు బలముగా త్రిప్పి కారును అంచునకు చేర్చుకొందురు.

మూలుగు వినబడినపుడు మొదట నూనెమట్టము చూడవలెను. నురుగు కట్టియున్నచో గాలి చేరినది. నల్లబడి మాడువాసన వచ్చుచున్నచో నూనెను మార్చవలెను. డబ్బాలో జల్లెడయున్న కార్లలో దానినికూడ మార్చవలెను. కీచుమన్నచో బెల్టు వదులై యుండవచ్చును. స్టీరింగును ఒక కొసకు త్రిప్పి అట్లే బిగబట్టి కొన్ని క్షణములకు మించి యుంచరాదు, పంపు వేడెక్కును. అన్నగారి కారునకు పాత రబ్బరుగొట్టము చెమర్చి నూనె తగ్గినదని తేలినది.

అచటనే మఱియొక అపాయము తప్పినది. నూనె తగ్గినదని తెలిసి డ్రైవరు ఇంటనున్న బ్రేకు నూనె డబ్బాను విప్పి పోయబోవుచుండగా వదినెగారు ఆపి, కారుతో వచ్చిన పుస్తకమును తెప్పించి చదివిరి. అందు స్టీరింగునకు చెప్పినది ఖనిజతైలము. ఈ రెండు నూనెలకు పొత్తు లేదు. బ్రేకు రబ్బరులు గ్లైకాలునకు తగినవి. ఖనిజతైలము కొంచెము పడినను ఉబ్బి సిలిండరులో బిగుసుకొనును. అట్లే స్టీరింగు రబ్బరులకు బ్రేకు నూనె శత్రువు. పొరపాటున పడినచో ఇంజనును ఆడింపక, కారును కదపక మేస్త్రిని పిలువవలెను. డాట్ 5 అని మఱియొక సిలికాను నూనె గలదు. అది తేమను పీల్చదుగాని గ్లైకాలుతో కలియదు. సంఖ్య ఒకటి పెరిగినదిగదా మేలుజాతియని కలిపి పోయరాదు.

పిల్లలుగల యిండ్లవారు కొన్ని జాగ్రత్తలు తీసికొనవలెను. బ్రేకు నూనె విషము; దానిని పానీయపు సీసాలలో పోసి యుంచరాదు. రంగుపై పడినచో రంగును తినివేయును. వెంటనే నీటితో బాగుగా కడుగవలెను. పెద్ద డబ్బా చవుకయని కొనరాదు. మూత తీసిననాటినుండి అదియు తేమ పీల్చును. పాత బ్రేకు షూల పొడిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గావున, డ్రమ్ము విప్పినపుడు ఆ పొడిని నోటితోగాని పంపుతోగాని ఊదనీయక తడిగుడ్డతో తుడిపింపవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను.

భారతయుద్ధమున సైంధవుని వధింపబోవునాడు శ్రీకృష్ణుడు రణమధ్యమునందే గుఱ్ఱములను విప్పి, వాని మేనులందలి బాణములను తీసి, నీరు త్రాగించెను. ప్రొద్దు క్రుంకులోపల శపథము తీరవలసిన దినమది. అయినను ఆయన దానిని కాలహరణమని తలపలేదు. తోలుటయొక్కటియే సారథ్యము కాదని మేము ఆ కథనుండి గ్రహించితిమి.

ఊరగాయ జాడీలకు తేదీ వ్రాసి అంటించు అలవాటు మా యింట గలదు. అట్టి కాగితమునే కారు బ్రేకు నూనె డబ్బాకును అంటించితిమి. ఒక చిన్న పుస్తకమున నూనె పేరు, మార్చిన తేదీ, రబ్బరులు వేసిన తేదీ వ్రాసియుంచితిమి. కారు తిరిగినను తిరుగకున్నను రెండేండ్లకొకసారి నూనె మార్పించుటయు, ఘాటు ఎక్కుటకు ముందు నూనె రంగు చూచి, పెడలును నిమిషముసేపు త్రొక్కిపట్టి పరీక్షించుటయు నియమముగా నేర్పఱచుకొంటిమి. రాత్రి భోజనములైన పిమ్మట ఆ పుస్తకమును అత్తగారి చేతికిచ్చి, “పిల్లలు ఎక్కవచ్చునండీ, ఇందులో తేదీ దాటనంతవఱకు” అంటిమి. ఆమె కళ్లజోడు పెట్టుకొని రెండు పుటలును చదివి, దానిని పంచాంగము ప్రక్కన పెట్టిరి.

సోదరీమణులారా! మీ యింటి కారు షెడ్డునుండి తిరిగి వచ్చినపుడు పైకము ఇచ్చుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుడు: నూనె పోసితిరా, మార్చితిరా? తీసిన పాతనూనె యేది? ‘ఆడవారికి ఇదంతయు ఎందుకండీ’ యని ఎవరైన నవ్వినచో, ఆ కారులో కూర్చుండువారు మీ బిడ్డలని చెప్పి, గ్లాసులో పోసి చూపుమనుడు.